వంకాయ నల్లబడుతుంది, దోసకాయ నల్లబడదు: ఎందుకు?

"వంకాయ కోసి పెడితే నల్లబడుతుంది కదా, మరి దోసకాయ ఎందుకు నల్లబడదు?" అని ఆరో తరగతి చదివే ఒక పాప అడిగింది. గాలి తగిలితే నల్లబడుతుందని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పారట. ఆ జవాబు తప్పు కాదు. కానీ పాప అక్కడితో ఆగలేదు. గాలి దోసకాయకూ తగులుతోంది కదా, అంది. ప్రశ్నలోని బలమంతా ఈ రెండో సగంలోనే ఉంది. దాన్ని పట్టుకుని నెమ్మదిగా వెళ్తే వంటింట్లో మొదలై, జొన్నచేను మీదుగా, ఎండకు నిలబడ్డ వరి ఆకు దాకా వెళ్ళవచ్చు.

ముందు మన కళ్ళ ఎదుట జరిగేది సరిగ్గా చూద్దాం. వంకాయను నిలువునా చీల్చితే లోపల కండ తెల్లగా ఉంటుంది. కొద్ది నిమిషాల్లో కోసిన ముఖం మీద లేత గోధుమరంగు కమ్ముతుంది. కాసేపటికి అది ముదురుతుంది. ఆ ముక్కనే మళ్ళీ ఇంకోచోట కోసి చూడండి. కొత్తగా బయటపడ్డ ముఖం మళ్ళీ తెల్లగానే ఉంటుంది. కోయని కాయ రెండు రోజులు బుట్టలో ఉన్నా లోపల రంగు మారదు.

కోయని కాయకు లోపల గాలి తగలదు కాబట్టి మారదనుకుంటాం. అయితే వంకాయను నీళ్ళలో వేస్తే తేలుతుంది. దాని కండ నిండా కంటికి కనిపించని గాలి ఖాళీలు ఉండటమే అందుకు కారణం. అంటే కోయకముందే లోపల గాలి ఉంది. అయినా రంగు మారలేదు. కాబట్టి గాలి ఒక్కటే చాలదు. కత్తి కూడా ఏదో చేస్తోంది. ఆ చేసేదేమిటన్నదే అసలు విషయం.

కత్తి ఇనుముది కాబట్టి ఆ ఇనుము అంటుకుని నల్లబడుతుందని కొందరంటారు. ఇందులో కొంత నిజం ఉంది. పాత ఇనుప కత్తిపీట మీద కోస్తే ముక్క మరింత నల్లగా అవుతుంది. కాయలోని వగరు పదార్థాలు ఇనుముతో కలిస్తే నల్లని రంగు పుడుతుంది. కానీ స్టీలు చాకుతో కోసినా, చేత్తో విరిచినా ముక్క గోధుమరంగుకు తిరుగుతుంది. ఇనుము రంగును ముదురు చేస్తుందే తప్ప, ఆ మార్పుకు మూలం కాయలోనే ఉంది.

కాయ అంటే కోట్ల కొద్దీ చిన్న చిన్న కణాలు. ఒక్కో కణంలో మళ్ళీ చాలా అరలుంటాయి. కణంలో ఎక్కువ చోటు ఆక్రమించే అర ఒకటుంది, దాన్ని రిక్తిక అంటారు. పేరుకు రిక్తిక అయినా అది ఖాళీగా ఉండదు, నీళ్ళతో, రకరకాల రసాలతో నిండి ఉంటుంది. వంకాయ కణంలో ఆ రసాల్లో ఫినాల్స్ అనే పదార్థాలున్నాయి. నోటికి తగిలే వగరు వీటిదే. వంకాయలో ఎక్కువగా ఉండే ఫినాల్ పేరు క్లోరోజెనిక్ ఆమ్లం. వేయించని పచ్చి కాఫీ గింజల్లోనూ ఇది బాగా ఉంటుంది. ఇదే కణంలో ఇంకో అర ఉంది, దాన్ని ప్లాస్టిడ్ అంటారు. ఆకులో అయితే పచ్చదనాన్ని మోసే హరితరేణువు ఈ ప్లాస్టిడే. ఈ రెండో అరలో ఒక ఎంజైమ్ ఉంది.

ఎంజైమ్ అంటే ఏమిటో తెలియాలంటే అన్నం ముద్దను మింగకుండా రెండు నిమిషాలు నమిలి చూడండి. చప్పటి అన్నం తియ్యబడుతుంది. ఉమ్మిలో ఉన్న ఎంజైమ్ ఒకటి బియ్యపు పిండిని చిన్న చిన్న చక్కెర ముక్కలుగా విడగొట్టడం వల్ల వచ్చిన తీపి అది. ఎంజైములు దాదాపు అన్నీ మాంసకృత్తులే, అంటే ప్రోటీన్లు. తమంతట తాము చాలా ఆలస్యంగా జరిగే మార్పులను ఇవి రెప్పపాటులో జరిపిస్తాయి. జరిపించాక తాము ఖర్చయిపోకుండా మిగులుతాయి, వెంటనే మరో అణువు పని పట్టుకుంటాయి. ఒక్కో ఎంజైమ్‌కు ఒక్కో పని. పిండిని విడగొట్టేది ఫినాల్ జోలికి పోదు.

వంకాయ ప్లాస్టిడ్‌లో ఉన్న ఎంజైమ్ పేరు పాలీఫినాల్ ఆక్సిడేజ్. దీని నడిబొడ్డున రాగి పరమాణువులుంటాయి. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకొచ్చి ఫినాల్‌కు తగిలించి మార్చడం దీని పని. కాయ బాగున్నంత కాలం ఫినాల్ ఒక అరలో, ఎంజైమ్ ఇంకో అరలో ఉంటాయి. మధ్యలో పలుచని పొరలున్నాయి. పూజకు పళ్ళెంలో పసుపు ఒక పక్క, సున్నం ఒక పక్క పెడితే రోజంతా దేని రంగులో అది ఉంటుంది. రెండూ నీళ్ళలో కలిసిన క్షణం ఎర్రబడుతుంది. వంకాయలో కత్తి చేసే పని ఈ కలపడమే. కత్తి దిగిన దారిలో కణాలు చిట్లుతాయి, అరల మధ్య పొరలు తెగుతాయి, రిక్తికలోని రసం వెళ్ళి ఎంజైమ్ మీద పడుతుంది. ఆక్సిజన్ ఎలాగూ పక్కనే ఉంది. ఫినాల్ క్వినోన్ అనే చురుకైన పదార్థంగా మారుతుంది. క్వినోన్లు ఒంటరిగా ఉండలేవు. ఒకదాన్నొకటి పట్టుకుని, దొరికిన ప్రోటీన్లను పట్టుకుని, పెద్ద పెద్ద అణువులవుతాయి. మన కంటికి కనబడే గోధుమరంగు వాటిది. మన జుట్టుకు నలుపునిచ్చే మెలనిన్ తయారీలో మొదటి అడుగు వేసే ఎంజైమ్ కూడా రాగి ఉన్నదే, దీనికి దగ్గరి చుట్టమే.

ఇప్పుడు పాప ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. రంగు రావాలంటే ఫినాల్, ఎంజైమ్, ఆక్సిజన్, మధ్య పొర తెగడం, ఈ నాలుగూ కలిసి రావాలి. దోసకాయను కోసినప్పుడు పొరలు తెగుతాయి, ఆక్సిజన్ తగులుతుంది. కానీ దోసకాయ కండలో ఇలాంటి ఫినాల్స్ చాలా తక్కువ. ఎంజైమ్‌కు పనే దొరకదు. అరటికాయలో, అరటిపువ్వులో, ఆలుగడ్డలో, యాపిల్‌లో రెండూ ఉన్నాయి, అవి నల్లబడతాయి. వంకాయల్లోనూ రకాన్ని బట్టి ఒకటి త్వరగా, ఒకటి ఆలస్యంగా రంగు మారడం చూస్తాం. లోపలి ఫినాల్ ఎంత, ఎంజైమ్ ఎంత అన్న తేడా అది.

మన వంటిళ్ళలో దీనికి మందు ఎప్పటి నుంచో తెలుసు. గుత్తి వంకాయకు చీరిన కాయలను ఉప్పు నీళ్ళలో వేస్తారు. నీళ్ళలో మునిగిన ముక్కకు గాలిలో దొరికినంత ఆక్సిజన్ దొరకదు, ఉప్పులోని క్లోరైడ్ ఎంజైమ్‌కు అడ్డం పడుతుంది. అరటిపువ్వును, అరటిదూటను మజ్జిగలో వేస్తారు. మజ్జిగ పులుపులో ఈ ఎంజైమ్ సరిగ్గా పనిచేయలేదు, పైగా పాల ప్రోటీన్లు ఫినాల్స్‌ను పట్టేసుకుంటాయి. నిమ్మరసం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. అందులోని విటమిన్ సి అప్పుడే పుట్టిన క్వినోన్‌ను తిరిగి ఫినాల్‌గా మార్చేస్తుంది. కాగిన నూనెలో వేస్తే ఎంజైమ్ అనే ప్రోటీన్ మడతలు విడిపోయి పనికిరాకుండా పోతుంది, ఆ తర్వాత ఎంత గాలి తగిలినా ఏమీ కాదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. చన్నీళ్ళలో ముక్కలు వేసి సన్నని మంట మీద మెల్లగా వేడిచేస్తే రంగు చెడుతుంది. గోరువెచ్చని దశలో కణాల పొరలు తెగుతుంటాయి, ఎంజైమ్ ఇంకా చావదు. మరిగే నీళ్ళలో ఒక్కసారిగా వేస్తే దానికి ఆ వ్యవధి ఉండదు.

ఈ మార్పును కోరి తెచ్చుకునే చోటు కూడా ఉంది. తేయాకును కోసుకొచ్చి వాడబెట్టి, యంత్రాల్లో నలిపి, గాలికి పరుస్తారు. ఆకుపచ్చని ఆకు రాగిరంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది. తేయాకు పరిశ్రమలో దీన్ని పులియబెట్టడమనే అంటారు గానీ, ఇందులో ఇడ్లీ పిండిలో ఉన్నట్టు సూక్ష్మజీవుల పనేమీ లేదు. పనిలో ఎక్కువ భాగం పాలీఫినాల్ ఆక్సిడేజ్‌దే. గ్రీన్ టీ కావాలంటే కోసిన వెంటనే ఆకును ఆవిరికో వేడి మూకుడుకో పెట్టి ఎంజైమ్‌ను చంపేస్తారు. రెండూ ఒకే మొక్క ఆకులే.

సరే, ఎలాగో తెలిసింది. ఎందుకన్నది ఇంకా మిగిలే ఉంది. వంకాయ మన కూర కోసం పుట్టలేదు. దానికి ఈ ఏర్పాటు ఎందుకు?

మొక్క పరుగెత్తలేదు. పురుగు కొరికితే విదిలించుకోలేదు, గాలికి కొమ్మ విరిగితే గాయాన్ని నాకి శుభ్రం చేసుకోలేదు. ప్రతి గాయమూ బూజుకు, బ్యాక్టీరియాకు తెరిచిన తలుపే. ఎక్కడ తగులుతుందో ముందుగా తెలియని దెబ్బకు జవాబు ఎక్కడబడితే అక్కడ సిద్ధంగా ఉండాలి. అందుకే ప్రతి కణంలోనూ రెండు సరుకులు విడివిడిగా పెట్టుకుని ఉంటుంది. ఎవరూ కబురు చెప్పనక్కర్లేదు. పొర తెగడమే కబురు. దెబ్బ తగిలిన చోటే, తగిలిన క్షణానే మందు పుడుతుంది. క్వినోన్లు బూజు తీగలకు విషం. అవి ప్రోటీన్లకు అంటుకుపోతాయి కాబట్టి ఆకు తిన్న పురుగుకు ఆ ప్రోటీన్ సరిగ్గా అరగదు. టమాటా మొక్కల్లో శాస్త్రవేత్తలు ఈ ఎంజైమ్‌ను తగ్గించి చూశారు, పెంచి చూశారు. తగ్గించిన మొక్కలకు బ్యాక్టీరియా తెగులు ఎక్కువగా పట్టింది, పెంచిన మొక్కలు బాగా తట్టుకున్నాయి. ఆలుగడ్డకు చుట్టమైన ఒక అడవి మొక్కకు ఆకుల మీద జిగురు నూగు ఉంటుంది. పేనుబంక పురుగు కాలు తగిలి ఆ నూగు చిట్లితే ఇదే ఎంజైమ్ పనిచేసి జిగురు గట్టిపడుతుంది, పురుగు అక్కడే అతుక్కుపోతుంది.

కత్తి, పురుగు లేకుండానే పొర తెగే సందర్భాలూ ఉన్నాయి. అరటిపండును ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది. అరటి వేడి దేశాల మొక్క. దాని కణాల పొరలు కొవ్వు పదార్థంతో అల్లుకున్నవి, చలికి అవి బిగుసుకుని కారడం మొదలవుతాయి. రెండు అరల సరుకూ కలుస్తుంది. లోపల పండు బాగానే ఉంటుంది, నిశ్చింతగా తినవచ్చు. వంకాయకూ చలి పడదు. సుమారు 10 డిగ్రీల కంటే తక్కువలో చాలా రోజులుంచితే పై తోలు గుంటలు పడుతుంది, లోపల గింజల చుట్టూ నల్లబడుతుంది. మొక్కకు కష్టం అంటే గాయమే కానక్కర్లేదు. చలి, ఎండ, నీటి ఎద్దడి, ఉప్పు నేల, అన్నీ చివరికి ఈ పొరల మీదికే వస్తాయి.

ముందే సిద్ధం చేసి ఉంచుకున్నది అయిపోయాక ఏం చేస్తుంది? కోసిన చోట పైవరస కణాలు చచ్చిపోతాయి. వాటి వెనక వరసలో కణాలు బతికే ఉంటాయి, వాటికి పక్కింట్లో జరిగింది తెలుస్తుంది. కొన్ని గంటల్లో అవి కొత్త ఎంజైములు తయారుచేయడం మొదలుపెడతాయి. వాటిలో ముఖ్యమైనది ఫినైల్ అలనిన్ అమ్మోనియా లయేజ్. పేరు పొడుగు, శాస్త్రజ్ఞులే దాన్ని పాల్ అని పిలుచుకుంటారు. దీన్ని గుర్తించినది 1961లో. ప్రోటీన్ల తయారీకి పనికొచ్చే ఒక అమైనో ఆమ్లాన్ని తీసుకుని, దాన్ని ఫినాల్స్ దారి పట్టించడం దీని పని. ఆ దారిలోనే చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ వస్తుంది, గాయం మీద కట్టే బెరడు లాంటి పొరకు సరుకూ వస్తుంది. ఆలుగడ్డ వేసే రైతులు విత్తన గడ్డను ముక్కలు కోసి వెంటనే పాతరు. ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిస్తారు. ఆ వ్యవధిలో కోసిన ముఖం మీద గట్టి పొర కడుతుంది, మట్టిలోకి వెళ్ళాక కుళ్ళదు. ఆ పొర కట్టే పనిలో మొదటి కూలీ పాల్ ఎంజైమ్.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. మొక్కల శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో ఎక్కువగా పెంచే చిన్న కలుపు మొక్క అరాబిడాప్సిస్‌లో పాలీఫినాల్ ఆక్సిడేజ్ అసలే లేదు. అయినా అది హాయిగా బతుకుతోంది. మరి దానికి రక్షణ? అది ఆవాల కుటుంబం మొక్క. ఆ కుటుంబానికి వేరే జోడీ ఉంది, దాని రుచి తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఆవగింజలను డబ్బాలో వాసన చూడండి. పెద్దగా ఏమీ రాదు. పొడి చేసినా ఘాటు కొంచెమే. ఆ పొడిలో నీళ్ళు చుక్క వేసి నూరితే ముక్కు మాడు దాకా ఎక్కుతుంది. గింజలో సినిగ్రిన్ అనే పదార్థం కొన్ని కణాల్లో ఉంటుంది, మైరోసినేజ్ అనే ఎంజైమ్ వేరే కణాల్లో ఉంటుంది. ఇక్కడ విడిగా పెట్టడం ఇంకా పకడ్బందీగా ఉంది, అరలు కాదు, కణాలే వేరు. నూరినప్పుడు గోడలు పోతాయి, నీరు రెండింటినీ కలుపుతుంది, ఎంజైమ్ సినిగ్రిన్‌ను విడగొట్టి ఘాటు నూనెను విడుదల చేస్తుంది. గింజను కొరకబోయిన పురుగుకు తగలాల్సిన దెబ్బ అది. పోపులో చిటపటలాడిన ఆవాలకు ఈ ఘాటు ఎందుకు రాదో ఇప్పుడు మీరే చెప్పగలరు. కాగిన నూనెలో ఎంజైమ్ ముందే చచ్చింది. పనసపొట్టు కూరకు ఆవ పెట్టేటప్పుడు పొయ్యి మీంచి దించాక కలుపుతారు, వేడి మీద కలిపితే ఘాటు నిలవదని ఆ చేతులకు తెలుసు. ఉల్లిపాయ కన్నీళ్ళ కథా ఇదే తీరు, జోడీ మాత్రం వేరు.

ఈ జోడీల్లో మన పల్లెల్లో అన్నిటికంటే భయపెట్టేది జొన్నది. దాన్ని నాము అంటారు. లేత జొన్నచేలో పడి మేసిన ఎద్దు, ఆవు, గేదె కాసేపటికే ఎగశ్వాస పెట్టి, నోట నురగతో, కాళ్ళు తడబడి పడిపోతాయి. ఒక్కోసారి పశువుల డాక్టరు వచ్చేలోపే ప్రాణం పోతుంది. జీవాల మీదే బతికే ఇంటికి అది ఎంత దెబ్బో వేరే చెప్పనక్కర్లేదు. అదే జొన్న చొప్ప ఎండాక అదే పశువు ఏడాదంతా తింటుంది, ఏమీ కాదు. ఆ జొన్నల రొట్టె మనం తింటాం, ఏమీ కాదు. ఎందుకు?

జొన్న ఆకు పై పొర కణాల్లో, వాటి రిక్తికల్లో, ధురిన్ అనే పదార్థం ఉంటుంది. ధురిన్ తనంతట తాను ఎవరినీ చంపదు. కానీ దాని అణువులో సయనైడ్ ముడివేసి ఉంది. ఆ ముడి విప్పే ఎంజైమ్ ఆకు లోపలి కణాల్లో ఉంటుంది. ఆకు నిలిచి ఉన్నంత సేపు రెండూ కలవవు. పశువు నమిలినప్పుడు కలుస్తాయి, సయనైడ్ విడుదలవుతుంది. నెమరువేసే పశువు కడుపులో ఉండే సూక్ష్మజీవులు కూడా ధురిన్‌ను విడగొట్టగలవు, అందుకే గుర్రం కంటే ఆవుకు ముప్పు ఎక్కువ. సయనైడ్ వెళ్ళి పశువు కణాల్లో శ్వాసకు చివరి మెట్టుగా ఉన్న ఎంజైమ్‌ను పట్టేసుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉంటుంది, కణాలు దాన్ని వాడుకోలేవు. నాముతో చచ్చిన పశువు రక్తం మామూలు కంటే ఎర్రగా మెరవడానికి కారణం ఇదే. ఒక మొక్క ఎంజైమ్ విప్పిన విషం ఒక జంతువు ఎంజైమ్‌ను ఆపేస్తుంది. డాక్టరు సకాలంలో అందితే సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ సూదులతో ఆ పట్టు విడిపించవచ్చు.

ఇప్పుడు మొక్కకు వచ్చే కష్టం సంగతి. ధురిన్ లేత మొక్కలో ఎక్కువ, పెరిగేకొద్దీ తగ్గుతుంది. గింజ ముదిరేసరికి అందులో దాదాపు ఉండదు. కానీ వాన మొహం చాటేసి చేను బెట్టకు వచ్చి గిడసబారితే, మొక్క పెరుగుదల ఆగిపోతుంది, ధురిన్ మాత్రం పేరుకుంటుంది. కోసిన మోడు నుంచి వచ్చే పిలకల్లో, చాలా రోజుల బెట్ట తర్వాత వాన పడి ఎగదన్నిన చివుళ్ళలో ప్రమాదం మరీ ఎక్కువ. యూరియా ఎక్కువ వేసినా పెరుగుతుంది, ఎందుకంటే ధురిన్ తయారీకి నత్రజని కావాలి. మొక్క వైపు నుంచి చూస్తే ఇందులో తప్పేమీ లేదు. పెరగలేని రోజుల్లో కొరికేసిన ఆకును మళ్ళీ వేసుకునే శక్తి దానికి లేదు, ఉన్న ఆకులనే గట్టిగా కాచుకోవాలి. మనం చేయగలిగింది ఆ కాలం గుర్తెరిగి మసలుకోవడమే. పూత దాకా ఆగి కోయాలి. బెట్టకు వచ్చిన చేలోకి ఆకలితో ఉన్న పశువును వదలకూడదు. కోసిన మేతను బాగా ఎండనివ్వాలి. హైడ్రోజన్ సయనైడ్ 26 డిగ్రీలకే ఆవిరయ్యే పదార్థం, ఎండలో కణాలు చితికి ఆరుతుంటే చాలావరకు గాలిలో కలిసిపోతుంది. చొప్ప హాని చేయకపోవడానికి అదే కారణం.

ఇంతవరకు చూసినవన్నీ పొర తెగితే పనిచేసే ఎంజైములు. బెట్టలో ఉన్న మొక్క లోపల ఇంకో పోరాటం జరుగుతుంటుంది, దానికి కత్తీ అక్కర్లేదు, కోరా అక్కర్లేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే, ఎందుకంటే ఇది ప్రతి ఎండ రోజూ ప్రతి ఆకులో జరుగుతుంది.

మధ్యాహ్నం ఎండలో నేలలో తడి చాలకపోతే ఆకు తన సన్నని రంధ్రాలను మూసుకుంటుంది. మూసుకోకపోతే ఉన్న నీరూ ఆవిరైపోతుంది. కానీ ఆ రంధ్రాల్లోంచే కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలి. అది ఆగిపోతుంది. ఎండ మాత్రం ఆగదు. పత్రహరితం వెలుతురును పట్టుకుంటూనే ఉంటుంది, ఆ శక్తితో ఎలక్ట్రాన్లు బయలుదేరుతూనే ఉంటాయి. మామూలు రోజుల్లో ఆ ఎలక్ట్రాన్లు చక్కెర తయారీకి పోతాయి. కార్బన్ డయాక్సైడ్ లేక ఆ దారి బిగుసుకుంటే కొన్ని ఎలక్ట్రాన్లు పక్కనే ఉన్న ఆక్సిజన్ మీద పడతాయి. అలా తయారయ్యే దుడుకు ఆక్సిజన్‌ను సూపర్‌ఆక్సైడ్ అంటారు. అది, దాని నుంచి పుట్టే మరికొన్ని కలిసి కణాల పొరలను, ప్రోటీన్లను, చివరికి పత్రహరితాన్నీ పాడుచేస్తాయి. ఎండదెబ్బ తిన్న ఆకు పాలిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఆకు దీనికి వరసగా కాపలా పెట్టుకుంది. మొదటి కాపలా సూపర్‌ఆక్సైడ్ డిస్మ్యుటేజ్. ఇది సూపర్‌ఆక్సైడ్‌ను పట్టి మామూలు ఆక్సిజన్‌గా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. 1969లో అమెరికాలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు ఈ పనిని కనిపెట్టారు. ఆసక్తికరమైన సంగతేమిటంటే, పశువుల రక్తంలో దొరికిన ఆ ప్రోటీన్ 1938 నుంచే తెలుసు. నీలిపచ్చ రంగులో ఉంటుంది, రాగి ఉంటుంది అని తెలుసు. అది చేసే పనేమిటో తెలియడానికి 31 ఏళ్ళు పట్టింది. తర్వాత చూస్తే అది మొక్కల్లోనూ, మనలోనూ, గాలి పీల్చే దాదాపు ప్రతి జీవిలోనూ ఏదో ఒక రూపంలో ఉంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్ సూపర్‌ఆక్సైడ్ అంత దుడుకు కాదు, కానీ అదీ పేరుకుంటే హానే. దానికి రెండో కాపలా కెటలేజ్. ఇది పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఎంజైముల్లోకెల్లా వేగమైనవాటిలో ఇదొకటి, ఒక్క కెటలేజ్ అణువు సెకనుకు లక్షలాది పెరాక్సైడ్ అణువుల పని పట్టగలదు. హరితరేణువులో ఇంకొక కాపలాదారు ఉంది, అది పెరాక్సైడ్‌ను నీరు చేయడానికి విటమిన్ సిని వాడుకుంటుంది. ఆకుకూరల్లో మనకు విటమిన్ సి దొరకడానికి ఒక కారణం, ఆకుకు తన పనికి అది కావలసి ఉండటం.

కెటలేజ్ పనిని మీరు ఇంట్లోనే చూడవచ్చు. పుండ్లు కడగడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ మందుల షాపులో దొరుకుతుంది. పెద్దవాళ్ళ చేత నాలుగు చుక్కలు పచ్చి ఆలుగడ్డ ముక్క మీద వేయించండి. చర్మానికి, కళ్ళకు తగలకూడదు. ముక్క మీద తెల్లగా నురగ పొంగుతుంది. ఆ బుడగల్లో ఉన్నది ఆక్సిజన్. ఉడికించి చల్లార్చిన ముక్క మీద వేస్తే బుడగలు రావు. రెండింటికీ తేడా ఎందుకో ఈపాటికి మీకు తెలుసు.

అయితే ఆకు పెరాక్సైడ్‌ను మొత్తంగా తుడిచేయదు, తుడిచేయకూడదు కూడా. కొంత పెరాక్సైడ్ కబురుగా పనిచేస్తుంది. దాని మోతాదు పెరగడాన్ని బట్టే కణాలు కష్టం వచ్చిందని గ్రహించి రక్షణ ఎంజైములను మరింతగా తయారుచేస్తాయి. కణం గోడలను గట్టిపరిచే పెరాక్సిడేజ్ అనే ఎంజైములకు పెరాక్సైడే ముడిసరుకు. అందుకే కాపలా అంటే అంతా ఊడ్చేయడం కాదు, హద్దులో ఉంచడం. బెట్టను తట్టుకునే రకాల్లో చాలావాటికి ఈ ఎంజైములు త్వరగా, ఎక్కువగా పెరుగుతాయి. కొత్త వంగడాలను పరీక్షించేవారు ఆకులో వీటిని కొలవడం అందుకే. కానీ ఎంజైమ్ ఎక్కువున్న మొక్క తప్పకుండా గట్టిదని చెప్పలేం. కష్టం ఎక్కువైనందువల్లే అది పెరిగి ఉండవచ్చు. పంట నిలిచిందా లేదా అన్నది కూడా పక్కనే చూడాలి.

ఈ కాపలాదారుల పొట్టలో లోహాలున్నాయని గుర్తుంచుకోండి. కెటలేజ్‌కు ఇనుము కావాలి. సూపర్‌ఆక్సైడ్ డిస్మ్యుటేజ్‌లో ఒక రకానికి రాగి, జింకు కావాలి, ఇంకో రకానికి మాంగనీసు, మరో రకానికి ఇనుము. ఇవన్నీ మొక్క నేల నుంచే తెచ్చుకోవాలి. వరిలో జింకు లోపిస్తే ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు పడతాయి, రైతులు జింక్ సల్ఫేట్ పిచికారీ చేస్తారు. జింకుతో మొక్కకు చాలా పనులున్నాయి, అందులో ఈ కాపలా ఒకటి. చిక్కుడు జాతి మొక్కల మీద ఒక ప్రయోగం చేశారు. జింకు లేకుండా పెంచిన మొక్కల ఆకుల్లో కొంత భాగానికి నీడ పడేలా అడ్డు పెట్టి, మిగతా భాగాన్ని గట్టి వెలుతురుకు వదిలారు. లోపం ఆకంతటికీ ఒకటే. వెలుతురు పడ్డ భాగం పాలిపోయి మాడింది, నీడలో ఉన్న భాగం పచ్చగానే ఉండిపోయింది. ఆకును మాడ్చింది జింకు లేకపోవడం ఒక్కటే అయితే రెండు భాగాలూ మాడాలి. వెలుతురు దించిన బరువును మోయాల్సిన ఎంజైములకు లోహం అందలేదు, బరువు పడిన చోటే ఆకు ఓడింది.